బాబాయి మాట కోసం ఒక బూటబుల్ సీడీ

నిన్న పిన్ని ఫోన్ చేసి, "ఆ కంప్యూటర్‌ని ఏం చేద్దామే మణీ? పాత సామాన్లవాడు అడుగుతున్నాడు, ఇచ్చెయ్యనా?" అంది. బాబాయి పోయాక ఆ ఇంట్లో వస్తువులు కదిలించడానికి ఆవిడకు ఇప్పటికి ధైర్యం వచ్చినట్టుంది. నేను వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో నాకే తెలియదు. దాన్ని పెట్టుకోవడానికి నా ఇంట్లో చోటు లేదు, దాంతో నాకు పనీ లేదు. ఫోన్ పెట్టేసి కూర్చుంటే పొయ్యి మీద అన్నం మాడిపోయింది. ఆ మాడు వాసనలోనే ఇది రాయడం మొదలుపెట్టాను.

పిన్ని మా అమ్మకు చెల్లెలు. ఆవిడా బాబాయీ బెజవాడ గవర్నర్‌పేటలో ఒక సందులో ఉండేవాళ్లు. ముందు గదిలో బాబాయి డీటీపీ సెంటరు. శుభలేఖలు, కరపత్రాలు, పెద్దకర్మ కార్డులు కంప్యూటర్ మీద తెలుగులో కొట్టి, అచ్చుకు సిద్ధంచేసి ప్రెస్సుకు పంపే పని. చేతకాని రోజులొచ్చాక సెంటరు మూసేసి, అద్దె తక్కువని కొండపల్లి వెళ్లిపోయారు. పిల్లల్లేరు. వాళ్లకు నేనున్నాను, నాకు వాళ్లున్నారు. కిందటేడు చలికాలంలో బాబాయికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. మింగలేడని ముక్కులోంచి గొట్టం వేసి ఇంటికి పంపించారు. "బుద్ధికేం కాలేదమ్మా, అన్నీ తెలుస్తున్నాయాయనకి. పలకలేరంతే" అన్నారు డాక్టరుగారు, ఓదార్చినట్టుగా. నాకది ఓదార్పుగా అనిపించలేదు. అన్నీ తెలుస్తూ పలకలేకపోవడం కంటే నరకం ఏముంటుంది?

ఆయన ఏదో చెప్పాలనుకుంటున్నాడు. అది మాత్రం స్పష్టం. ఎడమచేత్తో మంచం పట్టె మీద కొట్టేవాడు, గొంతులోంచి మూలుగులాంటిది వచ్చేది, కళ్లలో నీళ్లు తిరిగేవి. అవునంటే ఒకసారి, కాదంటే రెండుసార్లు కొట్టమన్నాం. నీళ్లు కావాలా? రెండు దెబ్బలు. ఫ్యాను తగ్గించాలా? రెండు దెబ్బలు. పక్క మార్చాలా, నొప్పిగా ఉందా, ఎవరినైనా చూడాలనుందా, చెల్లెలికి కబురు పెట్టాలా? అన్నిటికీ రెండే. మాకు తోచిన ప్రశ్నలన్నీ అయిపోయేవి. ఆయన కళ్లు మూసుకునేవాడు. పిన్ని చీర కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి వెళ్లిపోయేది. మనిషి పోయేలోపల ఆ మాటేదో వినాలి, ఇంకేమీ అక్కర్లేదు అనుకున్నాను.

సలహాలకేం కొదవ లేదు. ఊరికే వచ్చేది అదొక్కటే కదా. అట్ట మీద అక్షరాలు రాసి చూపించమన్నారొకరు. రాశాను. గుణింతాలూ ఒత్తులూ కలిస్తే అది పంచాంగమంత అట్ట అయింది. బాబాయి వేలు వణుకుతూ రెండు అక్షరాల మధ్య ఆగేది, నేను తప్పు చదివేదాన్ని, చివరికి అట్టను విసిరికొట్టాడు. ఆయనకు ఒక్కో వస్తువూ రెండుగా కనపడుతోందని డాక్టరు తర్వాత చెప్పారు. ఫోన్‌లో కొట్టించమన్నారింకొకరు. అద్దం మీద ఆయన వేలికి ఏ ఆనవాలూ దొరకలేదు. బంధువులు ఫోన్‌కి చేతులు జోడించిన బొమ్మలు పంపేవాళ్లు. ఒకప్పుడు బాబాయి కంప్యూటర్ ఆగిపోతే సందు సందంతా వచ్చి గుమ్మంలో నిలబడేది, టీ తెప్పించేది, తలా ఒక మాట అనేది. ఇప్పుడు మనిషి ఆగిపోతే బొమ్మ వస్తోంది. తప్పెవరిదని అనను, కానీ ఆ బొమ్మలు చూసినప్పుడల్లా ఒళ్లు మండేది.

ఒకరోజు నా లాప్‌టాప్ తీసుకెళ్లి ఆయన ఎడమచేతి కింద పెట్టాను. మీటలు తగలగానే ఆ చెయ్యి మారిపోయింది. వణుకు తగ్గింది. వేళ్లు తడుముకోకుండా, కళ్లు మూసుకునే, చకచకా నడిచాయి. తెర మీద చూస్తే ఒక్క ముక్కకు అర్థం లేదు, చిత్తు అక్షరాలు. పిన్ని "అయిపోయిందే, మతి కూడా పోయింది" అని నేల మీద కూలబడింది. నాకు మాత్రం తెలిసింది. అది మతి పోవడం కాదు. ఆ వేళ్లు వాటి పాత చోట్లకు వెళ్తున్నాయి. ఆ చోట్లు ఈ కంప్యూటర్‌లో లేవు.

ఆ చోట్ల గురించి చెప్పాలంటే నా పదహారో ఏట్లోకి వెళ్లాలి. మాది కొల్లేటి ఒడ్డు. నాన్న చేపలు ఐసు పెట్టెల్లో సర్దుకుని బెజవాడ మార్కెట్‌కు తెచ్చేవాడు. ఇంటర్ చదువుకని ఆ పెట్టెలున్న వ్యానులోనే నన్ను తెచ్చి పిన్ని గుమ్మంలో దింపాడు. దిగగానే పిన్ని నన్ను లోపలికి రానివ్వకుండా పెరట్లో సున్నిపిండితో తోమి, తలంటి, అప్పుడు అన్నం పెట్టింది. "నువ్వు చేపలదానివని నాకేం నామోషీ కాదు, నేనూ ఆ నీళ్లలోనే పుట్టా. మీ బాబాయి యంత్రానికి తడి పడదంట, అందుకని" అంది. ఆ ఇంట్లో యంత్రానికున్న మర్యాద అల్లుడిక్కూడా ఉండదు. ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానూ దాని వైపే తిరిగి ఉండేది. చెమటలు కక్కుతూ మేం ఎండాకాలమంతా దానికి గాలి తగలడం చూసేవాళ్లం. చెప్పులు బయట, మంచినీళ్ల చెంబు బయట, వడియాల గిన్నె అసలు ఆ గదిలోకి రాకూడదు. బాబాయి స్నానం చేసి, విభూతి పెట్టుకుని, యంత్రాన్ని తాకి కళ్లకద్దుకున్నాకే స్విచ్ వేసేవాడు. లేజర్ ప్రింటర్ వేడెక్కిన వాసనా, లోపలి నుంచి పిన్ని చారు తిరగమోతలో ఇంగువా కలిసి ఒక వాసన వచ్చేది. చదువుకున్నానంటే ఆ వాసనలో చదువుకున్నాను, పెరిగానంటే ఆ వాసనలో పెరిగాను.

కాలేజీ నుంచి రాగానే నా పని ప్రూఫు చదవడం. నేను గట్టిగా చదువుతుంటే ఆయన తెర మీద సరిచూసుకునేవాడు. బాబాయి మితభాషి. నోటితో మాట్లాడాల్సినవి కూడా వేళ్లతోనే చెప్పేస్తాడని పిన్ని ఎద్దేవా చేసేది. ఆ తెలుగు సాఫ్ట్‌వేర్‌లో ఏ మీటకు ఏ అక్షరం రావాలో మనమే మార్చుకునే వీలుండేది. బాబాయి దాన్ని ఏళ్ల తరబడి తన వేళ్లకు తగ్గట్టు మార్చుకుంటూ పోయాడు. శుభలేఖల్లో ఎక్కువ వచ్చే ఒత్తులు చిటికెనవేలి పక్కకు వచ్చాయి. 'సకుటుంబ సపరివార సమేతంగా' అన్నదంతా ఒకే ఒక్క మీట. కీబోర్డు మీద అచ్చయిన ఇంగ్లీషు అక్షరాలు ఎప్పుడో అరిగిపోయాయి, ఆయన వాటిని చూసిందీ లేదు. ఇంకెవరైనా కూర్చుని కొడితే పిచ్చిరాతే వచ్చేది. సెంటర్‌లో పనికి కుదిరినవాళ్లు వారం తిరక్కుండా పారిపోవడానికి అదే కారణం. నేను నేర్చుకోబోతే, "వద్దమ్మాయ్, ఇది నేర్చుకుంటే ఇంకెక్కడా పనికిరావు" అన్నాడు.

ఆ రోజుల్లోనే ఒక శ్రావణమాసం, ముహూర్తాలు ముంచుకొచ్చిన వేళ, యంత్రం నల్లటి తెర వేసుకుని కూర్చుంది. పెళ్లివాళ్లు బెంచీ మీద వరుసగా కూర్చున్నారు. బాబాయి ముఖం పాలిపోయింది. తెలిసినవాళ్ల షాపుకి నన్నూ వెంటబెట్టుకెళ్లి, యంత్రాన్ని నడిపే సిస్టమ్‌ని అందులో మళ్లీ వేయడానికి ఒక సీడీ తయారుచేశాడు. తొంభై ఎనిమిదిలో వచ్చిందని అప్పటి సిస్టమ్‌ని అందరం నైంటీ ఎయిట్ అనేవాళ్లం. సామానంతా సీడీలోకి ఎక్కిస్తే సరిపోదా అని నేనడిగాను. "ఇంటి నిండా సామానుండి ఏం లాభం, తలుపు తీసేవాడుండాలిగా. ముందు వాణ్ని ఎక్కించాలి. వాడు లేస్తేనే యంత్రం లేస్తుంది" అన్నాడు. బూటబుల్ సీడీ అంటే యంత్రాన్ని లేపే సీడీ, ఇంతకు మించి నాకిప్పటికీ తెలియదు. ఆ సాయంత్రానికి యంత్రం లేచింది, పెళ్లివాళ్లు కార్డులు పట్టుకుని పోయారు. తర్వాత బాబాయి అసలు కంపెనీ సీడీయే కొని బీరువాలో నగల పక్కన పెట్టాడు.

కాబట్టి ఆ చిత్తు అక్షరాలు చూశాక నాకు దారి తెలిసింది. కొండపల్లి ఇంట్లో అటక మీద ఆ పాత యంత్రం ఉంది. అందులో బాబాయి మార్చుకున్న మీటల అమరిక ఉంది. ఆ సాఫ్ట్‌వేర్ చేసినవాళ్లు ఎప్పుడో మూసేశారు, కొత్త కంప్యూటర్లలో అది లేవదు. పక్కింటాయన సాయంతో దాన్ని దింపి, దుమ్ము దులిపి, ప్రాణాలు ఉగ్గబట్టుకుని స్విచ్ వేశాను. చాలాసేపు గురగురలాడి, నల్లటి తెర మీద ఒక ఇంగ్లీషు వాక్యం వేసింది: సిస్టమ్ దొరకలేదు. లోపలి డిస్కు తిరుగుతోంది, సరుకుంది, లేపేవాడు లేడు. పిన్ని ఉత్సాహంగా బీరువా తెరిచి ఆ కంపెనీ సీడీ తెచ్చిచ్చింది. దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాను. మెరిసే వైపంతా పసుపు, గంధం, మధ్యలో గుండ్రంగా కుంకుమ. పొర మీద పొర.

దసరాకి బెజవాడలో ఆయుధపూజ చేయని దుకాణం ఉండదు. లారీకీ, తక్కెడకీ, కుట్టుమిషనుకీ బొట్టు పెట్టినట్టే పిన్ని ప్రతి ఏడూ కంప్యూటర్‌కీ, ప్రింటర్‌కీ, మౌసుకీ పెట్టేది. బీరువాలోంచి సీడీనీ తీసి పీట మీద పెట్టేది, అన్నిటికీ ప్రాణం అదేనని బాబాయి చెప్పాడు కనుక. సెంటరు మూసేశాక కూడా మానలేదు. నేను తడిగుడ్డతో ఎంత తుడిచినా ఆ మరకలు పోలేదు, కిందంతా గీతలు పడ్డాయి. పిన్నికి నా ముఖం చూసి అర్థమైంది.

"అద్దంలా ఉంటే అదే దాని మొహం అనుకున్నానే" అంది. "నేనే పాడుచేశానా?"

"పాతదైపోయింది పిన్నీ. నువ్వు పెట్టకపోయినా పోయేదే" అన్నాను. ఆవిడ నమ్మలేదు. వెళ్లి బాబాయి కాళ్ల దగ్గర కూర్చుంది. ఆయన ఎడమచేత్తో ఆవిడ తల నిమురుతున్నాడు, మళ్లీ అదే మూలుగు.

మర్నాటి నుంచి బాబాయికి జ్వరం. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందనీ, మందులకు లొంగకపోతే మళ్లీ ఆస్పత్రిలో చేర్చాల్సిందేననీ డాక్టరుగారన్నారు. ఈసారి చేర్చితే ఊపిరి కోసం గొంతులోకి కూడా గొట్టం పడొచ్చన్నారు. మూలిగే నక్క మీద తాటిపండు. ఇంటర్నెట్‌లో వెతికితే నైంటీ ఎయిట్ సీడీ అచ్చు ప్రతి ఒక ఫైలుగా దొరికింది, పాత సరుకు దాచిపెట్టే పుణ్యాత్ములు ఎక్కడో ఉంటారు. దాన్ని ఎక్కించడానికి ఖాళీ సీడీ కావాలి. గవర్నర్‌పేటంతా తిరిగాను. "సీడీలా? ఇంకెక్కడున్నాయండీ అవి, పెన్‌డ్రైవ్ తీసుకెళ్లండి" అని నవ్వాడొకాయన. ఆ యంత్రం పెన్‌డ్రైవ్‌తో లేవదని ఆయనకి చెప్పే ఓపిక లేక మెట్లు దిగాను. బాబాయి సెంటరున్న సందులోకి కాళ్లు వాటంతటవే వెళ్లాయి. అక్కడిప్పుడు ఫోన్ల తొడుగులు అమ్ముతున్నారు. గుమ్మం ముందు నిలబడి ఏడ్చేశాను, ఎవరేమనుకుంటారని కూడా లేదు.

ఆ ఏడుపులోనే గుర్తొచ్చింది. బాబాయి మెదడు స్కానింగ్ తీసినచోట రిపోర్టుతో పాటు బొమ్మలు సీడీలోనే ఇచ్చారు. ఆటో ఎక్కి అక్కడికి వెళ్లాను. కౌంటర్‌లో అమ్మాయికి సంగతంతా చెప్పాను. ఆ అమ్మాయికి ఏమర్థమైందో కానీ, "మా నాన్నక్కూడా మాట పోయిందండీ" అని లోపలికెళ్లి రెండు ఖాళీ సీడీలు తెచ్చి చేతిలో పెట్టింది.

నేను ప్రూఫులు దిద్దే ప్రెస్సులో పాత సీడీ రైటరు ఒకటి మూలన పడి ఉంది. దాన్ని తగిలించి, దొరికిన ఫైలును లాగి సీడీలో పడేశాను. కొండపల్లి బస్సులో సీడీని పసిపాపలా పట్టుకుని కూర్చున్నాను. బాబాయి జ్వరం దిగలేదు. యంత్రంలో పెట్టి స్విచ్ వేస్తే మళ్లీ అదే వాక్యం: సిస్టమ్ దొరకలేదు. తీసి పెట్టాను, తుడిచి పెట్టాను, దండం పెట్టి పెట్టాను. అదే వాక్యం. ఇల్లంతా మూటగట్టి గుమ్మంలో పడేశాను, తలుపు తీసేవాణ్ని ఎక్కించలేదు. నాకు నేర్పిన మనిషి పక్క మంచం మీద రొప్పుతున్నాడు. ఆయన్ని అడుగుదామంటే ఆయనకు నోరు లేదు.

మర్నాడు పొద్దున్నే తిరుగు బస్సు పట్టుకుని ప్రెస్సుకొచ్చాను. ఈసారి ఫైలును ఫైలుగా కాక, అచ్చు ప్రతిని ప్రతిగా ఎక్కించే ఆజ్ఞ వెతికి పట్టుకున్నాను. పాత యంత్రాలకు తొందరపడి రాసిన సీడీ ఎక్కదని బాబాయి అంటుండేవాడు, అన్నిటికంటే తక్కువ వేగం పెట్టాను. అది తిరుగుతున్నంతసేపూ ఇష్టదైవాలందరినీ పేరుపేరునా తిట్టుకున్నాను. మొక్కుకోవాల్సింది, తిట్టుకున్నాను. ఇదీ పోతే ఇంకో సీడీ లేదు.

మళ్లీ కొండపల్లి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. సీడీ పెట్టాను. యంత్రం కాసేపు ఆలోచించింది. డ్రైవ్ గుయ్యిమని తిరిగింది, తెర మీద అక్షరాలు ఒక్కొక్క వరుసా దిగడం మొదలైంది. లేచింది. ఒకచోట ఆగి అడిగింది: ఉన్నదంతా తుడిచేసి వేయనా, ఉన్నదాని మీదే వేయనా? తుడిచేస్తే బాబాయి మీటల అమరిక పోతుంది, ఆయన మాట కూడా అందులోనే పోతుంది. ఆ ప్రశ్నను ఎన్నిసార్లు చదివానో. ఉన్నదాని మీదే అని చెప్పి, చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాను. నాకు నా చెయ్యి మీద నమ్మకం లేదు. చాలాసేపటి తర్వాత ఆ పాత నాలుగు స్వరాలు స్పీకరులోంచి వచ్చాయి. బాబాయి కళ్లు తెరిచాడు.

తెలుగు సాఫ్ట్‌వేర్ తెరిచి, అరిగిపోయిన ఆ కీబోర్డును ఆయన పొట్ట మీద దిండు వేసి పెట్టాను. ఎడమచెయ్యి మీటల మీద ఒకసారి అటూ ఇటూ తిరిగి, తన చోటు చూసుకుంది. జ్వరంతో వేళ్లు కాలిపోతున్నాయి. ఆ నీరసానికి తోడు రెండు చేతుల పని ఒక చెయ్యి చేస్తోంది కనుక మీటకీ మీటకీ మధ్య చాలాసేపు పడుతోంది. అయినా తెర మీద పడింది తెలుగు. తప్పుల్లేని తెలుగు. నా పేరు ముందు వచ్చింది. నేను సంతోషం పట్టలేక "పిన్నీ, రా" అని కేకేశాను. పిన్ని రాగిజావ గ్లాసూ, గొట్టంలో పోసే సిరంజీ పట్టుకుని వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

మణీ, ముక్కులో గొట్టం తీయించు. మళ్లీ ఏ గొట్టమూ వేయనివ్వొద్దు. ఆస్పత్రికి రాను. పిన్నికి నువ్వే చెప్పు.

అంతే. చెయ్యి మీటల మీదే ఆగింది. నా వైపు చూస్తున్నాడు. మేం అడగని ప్రశ్న అదొక్కటే. అడగాలని మాకెందుకు తోస్తుంది? పూటపూటా పిన్ని జావ కాచి, వడగట్టి, చల్లార్చి, ఆ గొట్టంలో పోస్తుంటే అదే ఆయన్ని బతికిస్తోందని మా ధీమా.

పిన్నికి కళ్లలో శుక్లాలు, తెర మీది అక్షరాలు ఆనవు. గ్లాసు పట్టుకుని నా భుజం మీదుగా వంగి, "ఏమంటున్నారే? ఆకలేస్తుందంటనా?" అంది.

ఇన్నాళ్లూ ఆ మాట కోసం ఊరంతా తిరిగినదాన్ని, తెర మీంచి కళ్లు తిప్పుకున్నాను. బాబాయి కళ్లు నా మీంచి కదల్లేదు. అబద్ధం చెప్పేద్దామనిపించింది. దాహమంటున్నాడు, నిన్ను పక్కన కూర్చోమంటున్నాడు, ఏదో ఒకటి. చివరికి తెర మీద ఉన్నది ఉన్నట్టు, ఒక్కొక్క మాటా, గట్టిగా చదివాను.

పిన్ని ఏడవలేదు. గ్లాసు కింద పెట్టింది. తర్వాత మంచం మీద ఆయన పక్కన కూర్చుని, చీర కొంగుతో ఆయన నుదుటి చెమట తుడిచి, పెదవుల చివర్లు తుడిచింది.

"అలాగేనండీ" అంది. గ్లాసు మళ్లీ అందుకుని, "ఈ పూటకి మాత్రం తాగండి. కాచేశాను" అంది.

బాబాయి ఆవిడ వైపు చాలాసేపు చూశాడు. చెయ్యి మళ్లీ కదిలింది. తెర మీద ఒక్క మాట పడింది. పిన్ని నన్నడిగింది, అదేంటని.

"సరే అంటున్నాడు పిన్నీ."